ఆ వేలు తియ్యొద్దన్నారు

గోరు కింద నల్లగా ఉండేది మన్నా కందెనా, బండి ఇరుసుకు పూసే కందెనే అయ్యుంటాది, మనిషి బొటనవేలు ఇంత వెడల్పు ఉంటాదా, నడిమికి చీలిన గోరు, ఆ వేలు దిగబడిన చోట తులసమ్మ చెయ్యి పాలిపోయి గుంటపడింది, మోచేతికి కాస్త పైన, లోపలి పక్క, ఎండ సోకని మెత్తటి చోటు, పెండ్లయి పదేండ్లు దాటింది, నేను ఎప్పుడన్నా అక్కడ తాకినానా, తాకే ఉంటాను, చీకట్లో ఏది ఎక్కడుందో ఎవరు చూసినారు, ఇప్పుడు చూడు, పట్టపగలు, ఆస్పత్రి వరండాలో, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తుండంగా, పలకరాయి తోలే బండివాడు నా భార్య చెయ్యి పట్టుకోని కూచున్నాడు, నేను, తాళి కట్టినవాణ్ణి, పక్కన స్తంభానికి ఆనుకోని నిలబడినాను, తియ్యొద్దన్నాడు కాంపౌండరు కరుణాకరం, డాక్టరుగారు వచ్చేదాకా ఆ వేలు అక్కడనుంచి వెంట్రుకంత కూడా కదలగూడదు, కదిలిందంటే ఆమె నెత్తురంతా ఈ గచ్చు మీదే పోతాది శెట్టిగారూ, తర్వాత నన్నని లాభం లేదు, అని చెప్పి లోపల కలరావాళ్ళ దగ్గరికి పోయినాడు, పోయినవాడు మళ్ళీ రాలేదు, అప్పుడు వరండా నీడ మెట్ల కింది దాకా ఉండింది, ఇప్పుడు మెట్లన్నీ ఎండలోనే ఉండాయి, వేలు మాత్రం అక్కడే ఉంది.

ఈ పొద్దు బండి రాకపోయినా బాగుండేది, ఇంకో బండివాడు వచ్చినా బాగుండేది, గనుల నుంచి పచ్చి పలకరాయి తెప్పించి, మా దొడ్లోనే కోయించి, నున్నగా చేయించి, చెక్క చట్రాలు బిగించి బడిపిల్లలకు పలకలు చేసి అమ్మే వ్యాపారం మాది, మా నాయన కాలం నుంచి ఉన్నదే, రాష్ట్రం కొత్తగా వచ్చినాక పల్లెపల్లెకూ బడి పెడుతున్నారు, రాజధాని మన కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిందని ఊళ్ళో అందరూ బాధపడినారు గానీ నాకేంది, పలకలు అడిగేవాళ్ళు పెరిగినారు, ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే బండి ఇప్పుడు దినం మార్చి దినం వస్తోంది, బండితోపాటు వీడూ వస్తున్నాడు, వీడి పేరు కాటమరాజని నాకు ఈ పొద్దే తెలిసింది, అంతకుముందు వీడు నాకు పలకబండోడే, దించేటప్పుడు రాయి కట్ట జారింది, సరిగ్గా అప్పుడే తులసమ్మ మజ్జిగ చెంబు పట్టుకోని దొడ్డి వాకిట్లోకి వచ్చింది, రాయి అంచు మోచేతి మడతను కోసుకోని కిందపడింది, మొదట చెంబు దొర్లిన చప్పుడే వినబడింది, తర్వాత నెత్తురు, కారలేదు, చిమ్మింది, నా కండ్లకు చీకట్లు కమ్మినాయి, గోడ పట్టుకోని కూలబడినాను, నాకు చిన్నప్పట్నుంచీ అంతే, క్షవరంలో గాటు పడినా తల తిరుగుతాది, తేరుకోని చూసేసరికి వీడు బండి మీద నుంచి దూకి ఆమె చెయ్యి పైకెత్తి పట్టుకోని ఉన్నాడు, యాడ నొక్కాలో నీకెట్ల తెలుసు అని దారిలో అడిగితే, నాకేం తెలుసు శెట్టిగారూ, అందిన కాడ పట్టుకున్నా, ఆగింది, అన్నాడు, ఆ పట్టు వదలకుండానే ఆమెను బండెక్కించినాడు, పగ్గాలు నేను పట్టుకున్నాను, ఎద్దులు నావి కావు, నా మాట వినలేదు, వీధి మలుపులో నిలబడిపోయినాయి, వెనక నుంచి వీడు హోయ్ అని ఒక్క అరుపు అరిచినాడు, పరిగెత్తినాయి, ఎద్దులు కూడా వీడి మాటే విన్నాయి.

వచ్చినాక కరుణాకరం గుడ్డతో బిగించి కట్టి, ఇంక వేలు తియ్యబ్బాయ్ అన్నాడు, తీసినాడు, గోడదాకా చిమ్మింది, అదిగో ఆ మచ్చ, సున్నం మీద, ఎండి ఇటుక రంగుకు తిరిగింది, మళ్ళీ నొక్కు నొక్కు అని కరుణాకరమే కేకలు పెట్టినాడు, లోపలి నరం తెగింది, దాన్ని కుట్టడం నా చేత కాదు, డాక్టరుగారే కుట్టాల, ఆయనేమో తెల్లారకముందే యర్రగొండపాలెం అవతల అడివి పల్లెల్లో కలరా సూదులు వెయ్యడానికి జీపులో పోయినాడు, ఉండేది ఒక్క డాక్టరు, అక్కడా మనుషులు చస్తుండారు, ఆయన మాత్రం ఏం చేస్తాడు, కనిగిరికి తీసుకోని పోదామంటే బస్సు సాయంత్రం గానీ లేదు, బండిలో పోతే ఆ కుదుపులకు వేలు నిలవదు, లోపల మంచాలన్నీ కలరావాళ్ళవే, అక్కడికి తేవద్దు, ఈ బల్ల మీదే పడుకోబెట్టండి అన్నాడు, సరే పడుకోబెడతాం, నేను పట్టుకుంటాలే, నేనుండంగా వాడెందుకు అన్నాను, కరుణాకరం నా ముఖం చూసి, సరే రండి అన్నాడు, వాడు వేలు జరపడం నేను నా వేలు పెట్టడం, ఎంతసేపు, కన్నుమూసి తెరిచినంత సేపే, నా వేలి కింద ఏదో వెచ్చగా తన్నింది, జారింది, చెయ్యంతా తడి, కాళ్ళు తేలిపోయినాయి, కరుణాకరం నన్ను భుజం పట్టి పక్కకు నెట్టినాడు, అప్పుడు తులసమ్మ, నొప్పితో పెదవి కొరుక్కుంటానే, ఆయన్ని వద్దు, ఆయనకు నెత్తురు చూస్తే పడదు, నువ్వే పట్టుకో నాయనా అనింది, నా మీద జాలితోనే అనింది, నాకు తెలుసు, నువ్వే పట్టుకో అనింది, వాణ్ణి చూసి అనింది.

ఇటు పక్క నిలబడితే రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడదు, ఇంకొంచెం ఇటు, ఎండ వీపు మీద పడినా పరవాలేదు, ఇందాక నూనె గానుగ వీరాంజనేయులు సైకిలు ఆపి తొంగి చూసినాడు, చిన్న దెబ్బలే అన్నాను, సాయంత్రానికి బజారంతా చెప్తాడు, వీరభద్రయ్య శెట్టి భార్య చెయ్యి బండోడు పట్టుకోని కూచున్నాడు, శెట్టి కావలి ఉన్నాడు అని, ఈ స్తంభం పక్కనే మనవణ్ణి ఒళ్ళో పెట్టుకోని, వాడి జ్వరానికి మందు కోసం వచ్చిన ముసలామె గురమ్మ కూచోని ఉంది, పొద్దున్నుంచి మా వైపే చూపు, ఉండబట్టలేక నన్నే అడిగింది, ఆయప్ప పెనిమిటా నాయనా, ఎంత గట్టిగా పట్టుకున్నాడో చూడు, బిడ్డను వదిలిపెడితే యాడ పోతాదో అన్నట్టు, కాదు అవ్వా, నేను పెనిమిటిని అన్నాను, నువ్వా అనింది, కాలి చెప్పుల కాడ్నుంచి పైదాకా చూసింది, మరి వాడు ఎవరు అనలేదు, అని ఉంటే బాగుండేది, ఊరికే తల ఆడించి మనవడి నుదురు తుడిచింది, నా కండువా మడిచి తులసమ్మ తల కింద పెట్టినాను గదా, అది కనబడలేదా ముసలిదానికి, వేలే కనబడింది.

కరుణాకరం గుమ్మంలోనుంచి తల బయటపెట్టి, శెట్టిగారూ, ఆమెను నిద్రపోనియ్యొద్దు, మాట్లాడిస్తా ఉండండి, మాట ఆగిపోతే నన్ను కేకెయ్యండి అన్నాడు, మాట్లాడించాల, నేనే మాట్లాడించాల, ఇది వాడి పని కాదు, దగ్గరికి పోయి వంగినాను, ఇదిగో, అన్నాను, మా ఇండ్లల్లో ఆడవాళ్ళను పేరు పెట్టి పిలవం, బీరువా తాళాలు యాడ పెట్టినావు అని అడిగినాను, బియ్యం డబ్బా వెనకాల అనింది, అయిపోయింది, ఇంకా ఏం అడగాల, పప్పు నానేసినావా, వేసినా, అయిపోయింది, పనిమనిషి కోటమ్మకు వాకిలి చూసుకోమని చెప్పినావా, ఎప్పుడు చెప్తాను, మీరే గదా నన్ను బండెక్కించింది, అనింది, నేను కాదు ఎక్కించింది, వాడు, అది ఆమెకు గుర్తు లేదో, ఉండీ నా మర్యాద కోసం అనిందో, ఇంకేమడగాలో తోచలేదు, ఇన్నేండ్లూ ఏం మాట్లాడుకున్నాం మేము, ఎవరు వచ్చినారు, ఎవరు పోయినారు, ఎన్ని చట్రాలు, చింతపండు అయిపోయింది, తలుపు గడియ పెట్టినావా, ఆమె కండ్లు మూతలు పడుతున్నాయి, అప్పుడు వాడు, అక్కా, నీది యా ఊరు అన్నాడు, కండ్లు తెరిచింది, రాచర్ల అనింది, రాచర్లనా, మాదీ ఆ పక్కనే అక్కా, మీ నాయన పేరేంది, పాపయ్య శెట్టి, అంగడి ఉండేది, ఓయమ్మా పాపయ్య శెట్టి బిడ్డవా, మా అవ్వ మీ అంగట్లోనే ఉప్పూ బెల్లమూ తెచ్చేది, ఉప్పు మీద ఒక బెల్లం ముక్క నాకు పెట్టిచ్చేవాడు శెట్టి, అన్నాడు, తులసమ్మ తల నా వైపు ఉండేది, అటు తిప్పుకుంది, కండువా కూడా దానితో మెలిపడింది, నేను చూస్తుండంగానే తిప్పుకుంది.

అక్కా అంటున్నాడు గదా, అక్కా అని పిలిచేవాడి మీద నాకేంది, అయినా ఆ అక్కా అనే పిలుపే చెవుల్లో గుచ్చుకుంటోంది, నేను ఇదిగో అంటాను, వాడు అక్కా అంటాడు, వాడి పిలుపుకే ఆమె పలుకుతోంది, వాడిది గొర్రెల మంద ఉన్న ఇల్లంట, రెండేండ్ల కరువుకు మంద సగం చచ్చి సగం అమ్ముకోని బండి తోలడానికి వచ్చినాడంట, ఒక పొట్టేలు మాత్రం అమ్మలేదంట, అది ఇంటి మనిషిని చూస్తే గానీ మేత తినదంట, అబద్ధాలు, పొట్టేలు మేత తినకుండా ఉంటాదా, తులసమ్మ నమ్ముతోంది, నమ్మి, మా ఊళ్ళో ఒక మేక ఉండేది, మా నాయన తక్కెట్లో ఎక్కి కూచునేది అని తనూ ఒకటి చెప్తోంది, నెమలిగుండం తిరనాళ్ళకు పోయినప్పుడు అడివిలో తప్పిపోతే తనను గొల్లవాళ్ళు గొంగట్లో చుట్టి తెచ్చినారంట, నాకు చెప్పలేదు, నీకు బావిలో ఈత వచ్చా అక్కా అని వాడు అడుగుతున్నాడు, ఏం ప్రశ్న అది, ఆడమనిషిని అడిగే ప్రశ్నేనా, రాకేం, అంటోంది తులసమ్మ, మా తోటలో మోటబావి ఉండేది, మా మేనత్త నడుముకు బెండ్లు కట్టి తోసింది, రెండు దినాలకే బెండ్లు విప్పేసినా, గట్టు మీద నుంచి దూకేదాన్ని, మగపిల్లలకంటే లోపలికి పొయ్యి అడుగున మన్ను పిడికిట్లో తెచ్చి చూపిచ్చేదాన్ని, అంటోంది, నవ్వుతోంది, నెత్తురు పోయి తెల్లబడిన పెదవులతో నవ్వుతోంది, ఆ నవ్వులో చిన్న ఈల మాదిరి చప్పుడు ఉంది, ముందు పళ్ళ సందులోనుంచి వస్తోంది, ఆమె పళ్ళ మధ్య సందు ఉందని తెలుసు, నవ్వితే ఈల వస్తాదని తెలీదు, నా ఇంట్లో ఈత వచ్చిన మనిషి ఉంది, అన్నం పెట్టింది, పక్కన పడుకుంది, నాకు తెలీదు, రాయి తోలేవాడికి ఒక్క పూటలో తెలిసింది.

ఇంకొకటి గుర్తొచ్చింది, రావొద్దనుకున్నా వచ్చింది, నిన్న అన్నం పెడుతూ, రేపు పలకబండి వస్తాదా అని అడిగింది, నేను ఏదో లెక్కలో ఉండి ఊ అన్నాను, బండితో ఆమెకేం పని, ఇంతకుముందు బండ్లవాళ్ళకు మజ్జిగ కోటమ్మతో పంపేది, ఈ పొద్దు తానే ఎందుకు తెచ్చింది, ఈ కాటమరాజు వచ్చినాడనేనా, వేసంగి మొదట్లో ఒకరోజు వీడు దొడ్లో ఎద్దులకు నీళ్ళు పెడుతుంటే ఆమె తలుపు చాటున నిలబడి ఉంది, నేను లోపలికి పోతే ఉలిక్కిపడి చీపురు తీసుకుంది, అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను, చీపురు ఎందుకు తీసుకుంది, ఊడ్చిన ఇల్లే గదా అది, ఛీ, ఇది నేనేనా ఇట్ల అనుకునేది, నేనే, బల్ల మీద రాయి మాదిరి పడి ఉంది మనిషి, నేను చీపురు గురించి ఆలోచిస్తున్నాను, అయినా ఎందుకు తీసుకుంది, గొంతుదాకా వచ్చింది అడగాలని, నేను నోరు తెరిచేలోపల ఆమే చెప్తోంది, నాకు కాదు, వాడికి, నీ మాట వింటే మా ఊళ్ళో ఉన్నట్టుంటాది తమ్ముడూ, ఎద్దులతో నువ్వు మాట్లాడతావు చూడు, అట్లనే మాట్లాడేవాళ్ళు మా వీధిలో, వాళ్ళు పోయినారు, అంగడీ పోయింది, అందుకే నువ్వు వస్తే తలుపు కాడ నిలబడి వింటా, ఈ పొద్దు ఎదురుగా విందామని మజ్జిగ నేనే తెచ్చినా, అంటోంది, నేను వింటున్నానని తెలిసే అంటోంది, దాచేది ఏముంది అందులో, ఏమీ లేదు, ఏమీ లేనందుకు గుండె తేలికపడాల గదా, పడలేదు, ఇంకా బరువెక్కింది, తప్పు ఉండి ఉంటే తిట్టేవాణ్ణి, ఊరి మాట మీద బెంగపడిన మనిషిని ఏమని తిట్టాల, నాదీ మాటే గదా, పదేండ్లుగా ఆ ఇంట్లో వినబడేది నా మాటే గదా, అది చాలలేదా.

వాడికి చెమటలు పోస్తున్నాయి, కనుబొమ్మల మీద నుంచి కంట్లోకి దిగుతోంది, తుడుచుకోడానికి లేదు, ఒక చెయ్యి నొక్కిన చోటనే, ఇంకో చెయ్యి ఆమె మణికట్టు కింద, శెట్టిగారూ కొన్ని నీళ్ళు అన్నాడు, అక్కడ కుండ ఉంది, ముంచుకోని తాగు అనబోయి ఆగినాను, ముంచుకోలేడు, నేనే ముంచాల, మా ఇంట్లో మేము బండ్లవాళ్ళకు నీళ్ళు పోస్తే దోసిట్లో ఎత్తి పోస్తాం, వాడికి దోసిలి కూడా లేదు, లోటా నోటికి పెట్టాల్సి వచ్చింది, గడ్డం మీద కారింది, తుడవండి అంటోంది తులసమ్మ, తుడిచినాను, నా పంచె కొసతో, ఇంత దగ్గర్నుంచి వాడి ముఖం చూడడం ఇదే మొదలు, నాకంటే చిన్నవాడు, ఎడమ చెవికి చిల్లు ఉంది, పోగు లేదు, అమ్ముకున్నట్టుంది, కాసేపటికి బీడీ అన్నాడు, సిగ్గుపడుతూ, రొండిలో ఉంది శెట్టిగారూ, కొంచెం తీస్తారా, వాడి నడుం కాడ రొండిలో చెయ్యి పెట్టి బీడీ తీసినాను, వాడి పెదవుల మధ్య పెట్టినాను, అగ్గిపుల్ల గీసినాను, గురమ్మ అవ్వ నోరు తెరుచుకోని చూస్తోంది, చూడనీ, పొగ ఆమె వైపు పోకుండా అటు తిరిగి ఊదుతున్నాడు, మర్యాద ఉంది, అది కూడా నాకు నచ్చలేదు, మర్యాద లేకుండా ఉంటే ఎంత బాగుండేది, వేలు తిమ్మిరెక్కిందా అని అడిగినాను, ఎప్పుడో ఎక్కింది శెట్టిగారూ, ఇప్పుడది నా వేలు మాదిరి లేదు, అక్క చేతిలోనే మొలిచినట్టుంది, అని నవ్వినాడు, ఏ మాట అనొచ్చో ఏ మాట అనగూడదో తెలీదు వీడికి, అంతకుముందు ఇంకోటి అన్నాడు, వేలి కింద టకటకమని కొట్టుకుంటోంది అక్కా, గొర్రెపిల్లను ఎత్తుకుంటే కొట్టుకుంటాదే అట్ల, అన్నాడు, నా భార్య గుండె కొట్టుకోవడం వీడు నాకు చెప్పాలా.

జీపు చప్పుడని రెండుసార్లు లేచినాను, ఒకటి లారీ, ఒకటి ఏమీ లేదు, ఎండ దిగుతోంది, కాటమరాజు మాట్లాడుతూనే ఉన్నాడు, గొంతు రాసుకుపోయింది, పొట్టేలు కథ మళ్ళీ మొదలుపెట్టినాడు, తులసమ్మ ఊ అంటోంది, ఊ, తర్వాత ఊ అనలేదు, అక్కా అన్నాడు, అక్కా, అక్కా, వాడి గొంతు మారిపోయింది, శెట్టిగారూ అక్క పలకడం లేదు, కొట్టుకునేది కూడా సన్నబడింది, నేను ఇదిగో అన్నాను, ఇదిగో, ఇదిగో, ఎవరికన్నా వినబడుతాదా ఇదిగో అంటే, అది ఎవరి పేరు, కుండ పేరా, కుక్క పేరా, కరుణాకరం అని అరిచినాను, రాలేదు, వాడు నా వైపు తిరిగి, ఇప్పుడు గారు లేదు ఏమీ లేదు, శెట్టీ, పేరు పెట్టి పిలువు, నీ ఇంటిమనిషిని పేరు పెట్టి పిలువు అని గద్దించినాడు, నోరు తెరిచినాను, తులసీ, నా గొంతు నాకే కొత్తగా ఉంది, తులసీ, వరండాలో వాళ్ళంతా తిరిగి చూసినారు, తులసీ, తులసీ, ఎన్నిసార్లు పిలిచినానో, ఆమె కనురెప్పలు కదిలినాయి, సగం తెరిచి, అట్ల అరుస్తారేంది, అందరూ చూస్తుండారు అనింది, నాకు ఏడుపు వచ్చింది, కాటమరాజు నవ్వుతున్నాడు, కరుణాకరం అప్పుడు పరిగెత్తుకోని వచ్చినాడు, గేటు కాడ దుమ్ము లేచింది, ఈసారి జీపే.

దుమ్ము కొట్టుకోని, రెండు రోజుల గడ్డంతో డాక్టరు దిగినాడు, ఒక్క చూపు చూసి, ఎవరిది ఆ చెయ్యి, మంచి పని చేసినావబ్బాయ్, అట్లనే పట్టుకోని లోపలికి నడువు, నేను చెప్పేదాకా తియ్యొద్దు అన్నాడు, నలుగురు బల్లను అట్లనే ఎత్తినారు, కాటమరాజు వంగిన నడుముతో పక్కనే నడుస్తున్నాడు, నేనూ నడిచినాను, గుమ్మం కాడ నర్సు మార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, మీరు కాదు, బయట ఉండండి, నేను ఆమె భర్తనమ్మా, తెలుసు, బయట ఉండండి, మరి అతను, అతను కావాల, మీరు వద్దు, అని తలుపేసింది, అతను కావాల, మీరు వద్దు, తలుపుకు పచ్చ రంగు, కింద పెచ్చులు లేచినాయి, ఆ పెచ్చులనే చూస్తా నిలబడినాను, తలుపు అవతల నా భార్య, ఆమె పక్కనే వాడు, ఇవతల నేను, పెండ్లిలో పీటల మీద మా మధ్య అడ్డంగా తెర పట్టినారు, ఆ తెర కాసేపటికి తీసినారు, ఈ తలుపు తియ్యరే, ఇనుప సామాన్ల చప్పుడు, డాక్టరు ఏదో అంటున్నాడు, కాటమరాజు సరే సరే అంటున్నాడు, తులసమ్మ ఒక్కసారి మూలిగింది, తర్వాత ఏమీ లేదు, ఆ ఏమీ లేనప్పుడు కూడా నేను అనుకున్నది ఏందంటే, వాడు ఆమెను ఎట్ల చూస్తుంటాడు, చీర చెంగు సరిగ్గా ఉందో లేదో అని.

తలుపు తెరుచుకోని కాటమరాజు ఒక్కడే వచ్చినాడు, నడవలేక గోడకు చేరబడి జారి కూచున్నాడు, కుట్టినారు శెట్టిగారూ, ఆగింది, ఇంక నువ్వు పో అన్నారు, అన్నాడు, చెయ్యి ముందర పెట్టుకోని చూసుకుంటున్నాడు, వేళ్ళు ముడుచుకోనే ఉండాయి, తెరుచుకోవడం లేదు, లేని చేతిని పట్టుకున్నట్టు అట్లనే వంకర తిరిగి ఉండాయి, ఇంకో చేత్తో లాగుతున్నాడు, రావడం లేదు, నొప్పికి కండ్లలో నీళ్ళు తిరిగినాయి, నేను పోయి పక్కన కూచున్నాను, ఎందుకు కూచున్నానో తెలీదు, ఇటియ్యి అన్నాను, ఆ చేతిని తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను, ఎండిన నెత్తురు, కందెన, చీలిన గోరు, చిటికెన వేలు మొదట, మెల్లగా, నొక్కి, రుద్ది, తెరిచినాను, తర్వాత ఉంగరం వేలు, ఒక్కొక్కటీ రాతి బిళ్ళ మాదిరి బిగిసి ఉంది, బొటనవేలు అన్నిటికంటే ఆఖరున వదిలింది, అది తెరుచుకుంటుంటే వాడు అబ్బా అని నా భుజం మీద తల వాల్చినాడు, గొర్రె ఉన్ని వాసన, బీడీ వాసన, నేను తల తియ్యమనలేదు, తలుపు తెరిచి మార్తమ్మ, ఆమె తాలూకు మనిషి ఎవరు, రండి అనింది, ఇద్దరమూ లేచినాం, నాకంటే ముందు వాడే లేచినాడు, లేచి, నన్ను చూసి, నాలిక కరుచుకోని, పో శెట్టిగారూ, పో, అని మళ్ళీ కూచున్నాడు, ఆ ముందు లేవడం ఒకటి, అది కూడా గుచ్చుకుంది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఆ గుచ్చుకునేదాన్ని వెంటపెట్టుకోనే లోపలికి పోయినాను.

చిన్న గది, కిటికీలోనుంచి సాయంకాలపు వెలుతురు ఒక మూలకే పడుతోంది, తులసమ్మ నిద్రపోతోంది, చేతికి భుజం దాకా తెల్లగుడ్డ చుట్టినారు, నన్ను పీట మీద కూచోమని మార్తమ్మ గిన్నెలో దూది తీసుకుంటా, బతికిందయ్యా నీ భార్య, ఇంకొంచెం ఆలస్యమైతే ఉండేది కాదు, అని కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా చెప్పి పోయింది, బతికింది, అంటే, ఉండేది కాదంటే, నాకు ఆ మాట అర్థం కావడానికి అంతసేపు ఎందుకు పట్టింది, పొద్దున్నుంచి ఇక్కడే ఉండాను గదా, గోడ మీద మచ్చ చూసినాను, గోరు చూసినాను, ఎవరు చూస్తున్నారో చూసినాను, ఆమె ఎవరి వైపు తల తిప్పిందో, ఎవరితో నవ్విందో, చీపురు ఎందుకు తీసుకుందో అంతా చూసినాను, ఒక్కసారన్నా ఈ మనిషి చచ్చిపోతాదేమో అనుకున్నానా, తులసీ అని అరిచినప్పుడు అనుకున్నానేమో, అదీ ఎంతసేపు, జీపు రాంగానే పోయింది, మళ్ళీ చీర చెంగు దగ్గరికే వచ్చినాను, భయపడాల్సిన చోట అంతసేపూ ఈ కుళ్ళు కూచోని ఉంది, ఇప్పుడది ఎప్పుడు లేచిపోయిందో తెలీదు, పీటను మంచం దగ్గరికి జరుపుకున్నాను, రెండు చేతులతో మంచం పట్టె పట్టుకున్నాను, ఆమె పెదవులు కాస్త తెరుచుకోని ఉండాయి, ఊపిరి తీస్తోంది, వదులుతోంది, మళ్ళీ తీస్తుందా అని చూస్తున్నాను, తీస్తోంది, పోయేదే, ఈ పొద్దు తులసమ్మ నన్ను వదిలిపెట్టి పోయేదే, నేను అక్కడే నిలబడి చూస్తుండంగానే పోయేది, పోయేది కాటమరాజు దగ్గరికి మాత్రం కాదు.